‘లేదు’ అనగల పూటకూళ్ళు

మహానగరమున అన్నము దొరకుట కష్టము కాదు. ఏ యింట తినవలెనో తేల్చుకొనుటయే కష్టము. లండను వంటి పట్టణమున, ఒక్క వీథి దాటులోపల చీనా వంట, లెబనాను వంట, పెరూ వంట, పంజాబు వంట వరుసగా కంటబడి, వాకిళ్ళ వ్రేలాడు పట్టికలన్నియు ఒక్కతీరున నోరూరించుచుండగా, క్రొత్తగా దిగిన బాటసారి తెల్లబోయి నిలిచి, తుదకు బసకు దగ్గరనున్న యేదో యొకచోట జొరబడి, నూరు పదార్థముల జాబితాలో ఒకదానిని వ్రేలితో చూపి, తిని, డబ్బిచ్చి, మరునాటికి ఏమి తిన్నదియు జ్ఞప్తికి రాక తిరుగుట సర్వసాధారణము. అట్టివానికి నక్షత్రముల లెక్కలకంటె అక్కరకు వచ్చు సూత్రము ఒకటి కలదు: ‘మా యొద్ద అది లేదండి’ అని నిబ్బరముగా చెప్పగల యింట భుజింపవలెను. మన ఊళ్ళలో పేరుపడిన హోటళ్ళును ఈ నిబ్బరముమీదనే నిలిచినవి. పెసరట్టుకు వాసికెక్కినవానిని మధ్యాహ్నము పోయి పెసరట్టు అడిగినచో ‘ప్రొద్దున్నే రావలె’ననునే గాని, మిగిలిన పిండిని పెనముమీద పోయడు.

లండనులో బ్యాంకులకును వర్తకమునకును ఆటపట్టయి, ‘సిటీ’ అని పిలువబడు భాగమున, క్వీన్ విక్టోరియా వీథిలో, 1889లో వెలసిన స్వీటింగ్సు అను చేపల భోజనశాల కలదు. అచ్చట రాత్రి భోజనము లేదు. శని ఆదివారములు తెరచుట లేదు. ముందుగా బల్ల కేటాయించుట యంతకన్న లేదు. ఎంతటి ధనికుడైనను వేళకు వచ్చి, తన వంతుకు వేచి, పొడవాటి బల్లముందు ఎత్తుపీటమీద కూర్చుండవలసినదే. పగటి పూట మాత్రమే వండువాడు ఆనాటి చేపను ఆనాడే చెల్లించును. రాత్రికని దాచవలసిన పని యతనికి లేదు. అతని ‘లేదు’లోని మర్మ మింతియే. కోవెంట్ గార్డెను చేరువను, మెయిడెన్ లేనులో, 1798 నుండి నడచుచున్న రూల్సు అను ప్రాచీనశాలలోనైతే ‘లేదు’ అనునది ఋతువు. గ్రౌసు అను అడవిపక్షి వేట ఆగస్టు 12వ తేదీకి ముందు ఆరంభము కాదు గనుక, అంతకుముందు క్రొత్త వేట పక్షి పళ్ళెములోనికి రాదు. వచ్చిన పిమ్మట ఆ మాంసములో తుపాకి గుండు తగులవచ్చునని పట్టికలోనే యొక హెచ్చరిక వ్రాసి యుండును.

స్మిత్‌ఫీల్డు మాంసపు విపణికి కూతవేటు దూరమున, పూర్వము పందిమాంసమునకు పొగవేసిన యొక పాత కట్టడములో, ఫెర్గస్ హెండర్సను, ట్రెవర్ గలివరు మొదలగువారు 1994లో సెయింట్ జాన్ అను భోజనశాల తెరచిరి. తెల్లని గోడలపై చిత్తరువు లేదు. చెవులకు సంగీతము లేదు. బల్లపై పళ్ళెము తప్ప చూడదగిన దేదియు లేదు. ఆ పళ్ళెములో కాల్చిన దూడ ఎముకల తునకలు కొన్ని నిలువబెట్టి, ప్రక్కన కాల్చిన రొట్టెయు, చిటికెడు ముతక ఉప్పును, పార్స్లీ ఆకులతో ఉల్లిపాయ కలిపిన పచ్చికూరయు ఉంచుదురు. ఎముకలోని మూలుగను సన్నని పనిముట్టుతో తోడి, వేడి రొట్టెకు పూసి, ఉప్పు తగిలించి, ఆకుతో కలిపి నోటబెట్టుకొనవలెను. తెలంగాణమున మూలుగబొక్కను చప్పరించి యెరిగినవానికి, తలకాయకూరయు బోటియు ఆదివారపు విందు లనుకొనువానికి, ఇందులో వింత యేమియు లేదు. కాని మెత్తని కండ తప్ప తక్కినది నీచమని పారవేయుటకు అలవాటుపడిన యింగ్లండునకు, చంపిన ప్రాణి యెడల మర్యాద చూపదలచినచో దాని యే భాగమును వ్యర్థము చేయరాదని జ్ఞప్తిచేసిన ఘనత ఈ పాకశాలది.

ఇక ద్రాక్షాసవశాలలు. మనకు ద్రాక్షాసవ మనగనే ఆయుర్వేదపు సీసా జ్ఞప్తికి వచ్చును గాని, ఇచ్చట చెప్పునది విందున త్రాగు వైను. చేరింగ్ క్రాసు దిగువను, విలియర్సు వీథిలో, 1890 నాటి గోర్డన్సు అను వైను బారు నేలమాళిగలో నున్నది. మెట్లు దిగినంతనే వెలుతురు సగమై, కమానుల పైకప్పు తలకు తగులునంత క్రిందికి వంగి, బల్లకొక క్రొవ్వొత్తి, క్రొవ్వొత్తి చుట్టును ముగ్గురు నలుగురు తలలు దగ్గరచేర్చి గుసగుసలాడుచు కనబడుదురు. గోడలమీది పాత వార్తాపత్రికల ముక్కలు పొగచూరి పసుపువారినవి. ఇచ్చట బీరు లేదు, విస్కీ లేదు, ఉన్న దెల్ల వైను, దానికి తోడు జున్నుగడ్డలు. షెర్రీ, పోర్టు, మడీరా అనునవి పీపాలనుండియే పట్టి యిత్తురు. వెలుపలికి వచ్చి నాలు గడుగులు వేసినచో, ఉద్యానవనములో 1626 ప్రాంతమున కట్టిన యార్కు జలద్వార మొకటి నీరు లేక నిలిచి యుండును. పందొమ్మిదవ శతాబ్దమున కరకట్ట కట్టి థేమ్సు నదిని వెనుకకు నెట్టకముందు పడవలు ఆ మెట్లకే వచ్చి ఆగెడివి. నేడు నది నూరు గజములకు పైగా ఎడమైనది.

అయితే ప్రతి ‘లేద’నుటయు గుణము కాదు. ఫ్లీటు వీథిలో పత్రికలవారును న్యాయవాదులును చేరెడి ఎల్ వీనో అను వైను బారులో, స్త్రీలు పురుషులవలె బల్లయొద్ద నిలిచి వైను అడుగరాదు, వెనుక గదికి పోయి కూర్చున్నచో అచ్చటికి తెచ్చి యిత్తు మను నియమము చిరకాలము నడచెను. ఒక న్యాయవాదినియు ఒక పాత్రికేయురాలును దీనిపై వ్యాజ్యము వేసి, క్రింది న్యాయస్థానమున ఓడియు వెనుదీయక, 1982లో అప్పీలు న్యాయస్థానమున నెగ్గిరి. తన పనికి తాను గీచుకొన్న హద్దు వేరు, ఎదుటివాని మర్యాదకు గీచిన హద్దు వేరు. మొదటిది వంటవాని శీలము, రెండవది అహంకారము. 1971లో లెస్టరు స్క్వేరు చెంత న్యూజీలండు వాస్తవ్యు డొకడు తెరచిన కార్క్ అండ్ బాటిల్ మొదలగు నాటి వైను బారులకు ఆదరణ కలుగుటకు, పబ్బులలో ఒంటరిగా అడుగుపెట్ట సంకోచించిన స్త్రీలు అచ్చట నిశ్చింతగా కూర్చుండ గలుగుటయు నొక కారణము.

మన దేశపు రుచులు ఈ నగరమునకు నిన్నమొన్న వచ్చినవి కావు. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మదు 1810లోనే జార్జి వీథిలో హిందుస్తానీ కాఫీ హౌసు తెరచి, వెదురుకుర్చీలు వేయించి, హుక్కా సహితము అమర్చెను. రెండేండ్లకే దివాలా తీసి, పిమ్మట బ్రైటను చేరి ఆవిరిస్నానములతో పేరు గడించెను. 1926లో రీజెంటు వీథిపై వీరస్వామి అను భోజనశాలను నెలకొల్పిన ఎడ్వర్డు పామరు, మన హైదరాబాదులో నిజాము ప్రభుత్వమునకు అప్పులిచ్చి చరిత్ర కెక్కిన పామరు వంశమువాడు. కావున వీరస్వామి యను పేరు తెలుగు చెవికి చుట్టరికముగా తోచుటలో వింత లేదు. నేడు దోసె కొరకు ఈస్టు హామునకును, శాకాహారము కొరకు యూస్టను చెంతగల డ్రమ్మండు వీథికిని పోవుట మనవారికి అలవాటు. వైట్‌చాపెలులో 1972 నుండి నడచు తయ్యబ్సులో, సలసల కాగుచు ఇనుప పళ్ళెములో వచ్చు గొఱ్ఱె పక్కటెముకలు ప్రసిద్ధములు. వారు మద్యము అమ్మరు, వెంట తెచ్చుకొన్నవానిని కాదనరు.

పోవువారికి రెండు మూడు మాటలు. వైనును గ్లాసులెక్కన అడిగినచో 125, 175 మిల్లీలీటర్ల కొలతలలోగాని, వాని గుణిజములలోగాని పోయుదురు. 250 మిల్లీలీటర్ల గ్లాసనగా సీసాలో మూడవవంతు అని మరువరాదు. పదుమూడు శాతపు వైను మధ్యరకము (175 మిల్లీలీటర్ల) గ్లాసులు ఆఱు త్రాగినచో, వారమునకు మించరాదని అచ్చటి ఆరోగ్యశాఖ చెప్పు పదునాలుగు యూనిట్ల హద్దు దాదాపు తీరిపోవును. బిల్లులో నూటికి పన్నెండున్నర చొప్పున సేవారుసుము తరచుగా చేర్చుదురు. ఐచ్ఛికమని వ్రాసియున్నచోట వలదనుటకు మనకు హక్కు కలదు. అట్లు వసూలైన సొమ్మంతయు పనివారికే చెందవలెనని 2024 అక్టోబరు నుండి అమలైన చట్టము శాసించుచున్నది.

ఇన్ని ‘లేదు’ల నడుమ, ఏ యజమానియు అనరాని ‘లేదు’ ఒక్కటి కలదు. మద్యము పోయుటకు అనుజ్ఞ పొందిన యే శాలయైనను, అడిగినవానికి కుళాయినీరు వెల లేక ఇవ్వవలెనని ఆ దేశపు నియమము. రాత్రి లేదనవచ్చును, బీరు లేదనవచ్చును, బల్ల ఖాళీ లేదనవచ్చును. దాహమన్నవానికి మంచినీళ్ళు లేవనరాదు. వేసవిలో చలివేంద్రము పెట్టి, దానికొక కావలివానిని కూర్చుండబెట్టిన మన పెద్దలు వినియుండినచో, ఇందుకు చట్ట మేల యని నవ్వియుందురు.