ప్లాను గీయించే ముందు స్థలం చూడండి

రెండెకరాల రైతు ఇల్లు గానీ, పశువుల పాక గానీ, ధాన్యం గది గానీ కట్టేది బతుకులో ఒక్కసారే. మేస్త్రీని పిలిచి ముగ్గు పోయించడానికి తొందరపడతాం. స్థలం ఎలాంటిదో మాత్రం చూడం. తీరా గోడ బీటలిచ్చాక దిద్దుకోవడానికి చేతిలో పైసా ఉండదు. అందుకే ఈ నాలుగు సంగతులు ముందే చూసుకోవాలి.

నీటి దారి: ఆనందపురం, పద్మనాభం, పెందుర్తి వైపు చాలా పొలాలు కొండల కిందే ఉన్నాయి. కొండ మీద పడిన వాన గెడ్డల గుండా దిగుతుంది. వేసవిలో ఎండి కనిపించే గెడ్డ అక్టోబరు తుపానులో పొంగుతుంది. నీళ్లు ఎంతవరకూ వచ్చాయో ఊళ్లో పెద్దలను అడగండి. ఆ మట్టం కంటే అడుగున్నర, రెండడుగులు ఎత్తున గచ్చు ఉండాలి. నేల వాలును మేస్త్రీ దగ్గరుండే నీళ్ల గొట్టంతో కొలిపించండి. గెడ్డను పూడ్చి కట్టొద్దు.

నేల: స్థలంలో రెండు మూడు చోట్ల నాలుగైదు అడుగుల గొయ్యి తీయండి. గట్టి ఎర్ర గరప తగిలితే మంచిదే. నల్లరేగడి అయితే జాగ్రత్త. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. గోడలు బీటలిచ్చేది అందుకే. అలాంటిచోట నెర్రెలు దిగే లోతు దాటి పునాది వేయాలి. ఇంజనీరు సలహా తప్పనిసరి. గొయ్యి నిండా నీళ్లు పోసి చూడండి. మర్నాటికీ ఇంకకపోతే మరుగుదొడ్డి ఇంకుడు గుంత అక్కడ పనిచేయదు.

గాలి, ఎండ, ఉప్పు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖ దగ్గర తీరం దాటింది. తుపాను కన్ను దాటిపోగానే గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. కనుక రేకులను అన్ని వైపులా బిగించాలి. పెద్ద చెట్టు పడితే తగలనంత దూరంలో కట్టుకోవాలి. పశువుల పాక పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి తక్కువ వస్తుంది. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. ఉక్కు ఎంత మంచిదైనా చువ్వల మీద కాంక్రీటు పలచగా ఉంటే నిలవదు. ఉప్పు నీటితో కాంక్రీటు కలపొద్దు.

కాగితాలు: అడంగల్, 1-బి, సర్వే పటం చూసుకోండి. చెరువు, గెడ్డ పోరంబోకు కలిసిందేమో సర్వేయరుతో కొలిపించండి. డి-పట్టా భూమి అయితే షరతులేమిటో తహసీల్దారు కార్యాలయంలో ముందే అడగండి. కరెంటు తీగల కింద కట్టొద్దు.

వీలైతే ఒక వానాకాలం ఆగి, జోరు వానలో ఆ స్థలంలో నిలబడి చూడండి. నీళ్లు ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో కళ్లారా తెలుస్తుంది. దానికి ఖర్చేమీ లేదు. ఆ తర్వాతే ప్లాను గీయించండి.