కార్బన్ ఆఫ్‌సెట్ కొంటున్నారా? రసీదుతో ఆగకండి

జెద్దా, దుబాయ్ టికెట్ బుక్ చేసేటప్పుడు కొన్ని ఎయిర్‌లైన్స్ ‘కార్బన్ ఆఫ్‌సెట్’ పేరుతో అదనంగా చెల్లించే ఆప్షన్ చూపిస్తాయి. ఇంతకీ మనం కొనేదేంటి? ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. ఎక్కడో చెట్లు పెంచడం వల్లో, పొగ తక్కువొచ్చే పొయ్యిలు ఇవ్వడం వల్లో అంత తగ్గిందని లెక్క. మన అరకులోనూ గిరిజన రైతులతో ఇలాంటి చెట్ల పెంపకం జరిగింది.

వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ లాంటి సంస్థల రిజిస్ట్రీలో ప్రతి క్రెడిట్‌కీ సీరియల్ నంబర్ ఉంటుంది. కంపెనీలు ఎక్కువగా బ్రోకర్ల ద్వారా టోకుగా కొంటాయి, మనలాంటివాళ్లకి చిల్లరగా దొరుకుతాయి. ఎవరు కొన్నా, ఆ నంబర్‌ని ‘రిటైర్’ చేయిస్తేనే లెక్క ముగిసినట్టు. లేదంటే అదే క్రెడిట్ మళ్లీ చేతులు మారొచ్చు. అందుకే డబ్బు కట్టాక రిటైర్‌మెంట్ సర్టిఫికెట్ అడగండి.

వ్యాపారులైతే ముందు కరెంటు, డీజిల్ వాడకం తగ్గించుకోండి. తగ్గించలేనిదానికే ఆఫ్‌సెట్.