కార్డులెన్నున్నా ఫర్వాలేదు, తేదీలు గుర్తుంటే!

కాలిఫోర్నియాకు చెందిన వాల్టర్ కావనా 1,497 క్రెడిట్ కార్డులతో గిన్నిస్ రికార్డుకెక్కాడు. స్నేహితుడితో వేసుకున్న పందెంతో మొదలైన సరదా అది. ఇన్ని కార్డులున్నా ఆయన వాడేది ఒక్కటేనట!

మన దేశంలో బ్యాంకులు సొంతంగా కార్డులివ్వడం 1980 ప్రాంతంలో మొదలైంది. తొలినాళ్ల నుంచే ఆ వరుసలో ఉంది మన ఆంధ్రా బ్యాంకు. భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో స్థాపించిన ఈ బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

రెండు కార్డులుంటే వాటి బిల్లు తేదీల మధ్య పదిహేను రోజులు ఎడం ఉండేలా చూసుకోండి. ఒకదానికి 5న, రెండోదానికి 20న బిల్లు వస్తుందనుకుందాం. 6న మొదటి కార్డు గీకితే ఆ ఖర్చు వచ్చే నెల 5న బిల్లులో చేరుతుంది. ఆపైన కట్టడానికి ఇంచుమించు ఇరవై రోజుల గడువు. అంటే దాదాపు యాభై రోజులు వడ్డీ లేదు. 21 దాటాక రెండో కార్డు తీయండి. బిల్లు తేదీ మార్చమని అడిగే హక్కు కూడా మీకుంది. కనీసం ఒక్కసారైనా ఆ అవకాశం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన.

ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అంటాం. చాలా కార్డుల మీద వడ్డీ నూటికి మూడున్నర! 40,000 బిల్లుకు 'మినిమమ్ డ్యూ' 2,000 మాత్రమే కట్టారనుకోండి. మిగిలిన 38,000 మీద నెల వడ్డీ 1,330, దానిపై 18 శాతం జీఎస్టీ మరో 239. మీరు కట్టిన రెండు వేలలో అప్పు తగ్గేది 431 రూపాయలే. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. పాత బాకీ తీరేదాకా కొత్తగా కొన్న ప్రతి వస్తువుకూ కొన్న రోజు నుంచే వడ్డీ. ఆ బాకీ ఉన్న కార్డును బీరువాలో పెట్టేసి, అది తీరేదాకా బయటికి తీయకపోవడమే మేలు.

ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే వడ్డీ లేని గడువు అసలే ఉండదు.

గడువు తేదీ ఒకటి రెండు రోజులు దాటిందని కంగారుపడకండి. మూడు రోజులు దాటితేనే ఆ బాకీని గడువు మీరినదిగా సిబిల్ లాంటి సంస్థలకు తెలపాలి, ఆలస్య రుసుమూ అప్పుడే వేయాలి. అయితే వడ్డీకి ఆ మినహాయింపు లేదు.

వాడని కార్డుకూ వార్షిక రుసుము పడుతూనే ఉండొచ్చు. బాకీ మొత్తం కట్టి రద్దు చేయమంటే ఏడు పనిదినాల్లో చేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే మీకు చెల్లించాలి. అందుకే రద్దు కోరిన తేదీ రాసుకోండి, బాకీ లేదన్న పత్రం అడిగి తీసుకోండి.