ఎందుకు? ఎలా? – వేదవతి ఇసుక పొలాల్లోకి ఎలా వస్తుంది?

అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలంలో దర్గాహొన్నూరు అనే ఊరుంది. దాని చుట్టూ ఎడారిలోలా ఇసుక దిబ్బలు కనిపిస్తాయి. సముద్రం దగ్గర్లో లేదు. మరి అంత ఇసుక ఎక్కడిది?

వేదవతి నది తెచ్చిందే. కర్ణాటకలోని బాబాబుడన్ కొండల్లో పుట్టి ఇటు వచ్చే ఈ నదిని ఇక్కడ హగరి అంటారు. దారిలో ఉన్న గ్రానైట్ రాళ్లు ఎండకూ వానకూ కొద్దికొద్దిగా పొడి అవుతాయి. అందులోని కొన్ని ఖనిజాలు మెత్తటి మట్టిగా మారతాయి. క్వార్ట్జ్ మాత్రం గట్టిది, అంత తేలిగ్గా అరగదు. అదే ఇసుక. వరద వస్తే నది మట్టినీ ఇసుకనూ కలిపి మోస్తుంది. నీటి వేగం తగ్గగానే బరువైన ఇసుక అడుగున దిగిపోతుంది, మెత్తటి మట్టి ఇంకా ముందుకు పోతుంది.

ఏడాదంతా నీళ్లుంటే ఆ ఇసుక తడిగా, కదలకుండా ఉండేది. కానీ అనంతపురం పడమటి కనుమల వానచాటు నేల. నైరుతి గాలి తన తేమను ఆ కొండల మీదే కురిపించి, ఇక్కడికి పొడిగా, జోరుగా వస్తుంది. ఎండిన నదిలో ఇసుక రేణువులు ఎగిరి, పడి, పక్కవాటిని కూడా ఎగరగొడతాయి. ఒక పొదో గట్టో అడ్డొస్తే గాలి నెమ్మదించి ఇసుకను అక్కడే వదిలేస్తుంది. దిబ్బ అలా మొదలవుతుంది. దిబ్బ గాలి వచ్చే వైపు వాలుగా, అవతలి వైపు నిటారుగా ఉంటుంది. రేణువులు ఈ వైపు ఎక్కి ఆ వైపు జారుతుంటే, దిబ్బే మెల్లగా జరుగుతుంది. పంట వేసిన చేను దాని కింద పడితే రైతుకు ఎంత నష్టమో! అందుకే గాలికి అడ్డంగా చెట్లు పెంచడం చాలా అవసరం. వేళ్లు ఇసుకను పట్టి ఉంచుతాయి, కొమ్మలు గాలి జోరును తగ్గిస్తాయి.