సోయా ఉత్తరానికి వెళ్లింది.. మీరూ ఆ దారిలో వెళ్లొచ్చు!

ఆదిలాబాద్‌లో తొలకరికి వేసే సోయా విత్తనాన్ని కెనడాలోని మానిటోబాలో వేస్తే ఏమవుతుంది? మొక్క ఏపుగానే పెరుగుతుంది. పూత మాత్రం సమయానికి రాదు. కాయ ముదిరేలోపే గడ్డకట్టే చలి వచ్చి చేను మాడిపోతుంది. అయినా మానిటోబా రైతులు ఇప్పుడు సోయా పండిస్తున్నారు. కారణం.. మొక్కల బ్రీడర్లు. వాళ్లు చేసిన పనేంటో తెలుసుకుంటే ఈ రంగంలో మీకు చోటు ఎక్కడుందో అర్థమవుతుంది.

మొక్కలో గడియారం

సోయా రాత్రి నిడివిని బట్టి పూస్తుంది. జూన్‌లో హైదరాబాద్‌లో పగలు సుమారు 13 గంటలు. అదే మానిటోబా రాజధాని విన్నిపెగ్‌లో 16 గంటలు దాటుతుంది. రాత్రి చిన్నదైతే మొక్కలోని ఈ1 అనే జన్యువు పూతను ఆపేస్తుంది. వెలుగును పసిగట్టడంలో ఈ3, ఈ4 జన్యువులది ముఖ్యపాత్ర. ఇవి పనిచేయని, లేదా బలహీనపడిన మొక్కలను ఏరి సంకరం చేస్తే పెద్ద పగళ్లలోనూ త్వరగా పూస్తాయి. అందరికంటే ముందు కోతకొచ్చే ఇలాంటి రకాలను 00, 000 గ్రూపులుగా పిలుస్తారు.

అంతటితో అయిపోలేదు. పూత దశలో రాత్రిళ్లు బాగా చల్లబడితే కాయ సరిగా పట్టదు. సోయా వేర్లలో బుడిపెలు కట్టి నత్రజని అందించే బ్యాక్టీరియా ఆ నేలల్లో సహజంగా ఉండదు, విత్తనానికి పట్టించాలి. పంటకాలం తగ్గితే దిగుబడీ తగ్గే ప్రమాదం ఉంది. అందుకే ఇది ఒక్కరి పని కాదు. బ్రీడర్, మైక్రోబయాలజిస్టు, ల్యాబ్‌లో డీఎన్‌ఏ మార్కర్లు చూసేవారు, క్షేత్ర ప్రయోగాల డేటా విశ్లేషించేవారు.. అందరూ కావాలి.

మన దగ్గరా ఇదే పని

కందిదీ ఇదే కథ. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అభివృద్ధి చేసిన త్వరగా కోతకొచ్చే కంది రకం ఒకటి ఉత్తరాఖండ్ కొండ ప్రాంతాలకు వెళ్లి, అక్కడ వీఎల్ అర్హర్-1గా విడుదలైంది.

ఎలా చేరాలి?

బీఎస్సీ అగ్రికల్చర్ చదివేవారు జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్‌లో ఎమ్మెస్సీ ఎంచుకోవచ్చు. దీనికి ఐకార్ పీజీ ప్రవేశపరీక్ష రాయాలి. ఆ తర్వాత పీహెచ్‌డీ, ఏఎస్ఆర్‌బీ నిర్వహించే నెట్, ఏఆర్ఎస్ పరీక్షలు ఉంటాయి. బయోటెక్నాలజీ, స్టాటిస్టిక్స్ విద్యార్థులకు ల్యాబ్, డేటా వైపు అవకాశాలుంటాయి. విత్తన కంపెనీల్లోనూ ఈ నైపుణ్యాలు పనికొస్తాయి.

ఇప్పటి నుంచే ఏం చేయాలి? ఆర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. సెలవుల్లో దగ్గర్లోని పరిశోధన స్థానంలో అనుమతి తీసుకుని ప్రయోగ మడులు చూడండి. ఏ మొక్క ఎన్నో రోజున పూసిందో రాసుకోండి. బ్రీడింగ్ మొదలయ్యేది ఆ లెక్కతోనే.

ఒక్కమాట. సంకరం చేసిన రోజు నుంచి రకం విడుదలయ్యేదాకా సాధారణంగా ఏళ్లు పడుతుంది. మొదట్లో వచ్చే ప్రాజెక్టు ఉద్యోగాలు చాలావరకు తాత్కాలికమే. చేరేముందు ప్రాజెక్టు ఎన్నాళ్లు, ఫెలోషిప్ ఎంత, పీహెచ్‌డీకి వీలుందా అని అడగండి. త్వరగా ఫలితం కావాలనుకుంటే ఇది మీ దారి కాదు. ఎండలో నిలబడే ఓపిక, లెక్క తప్పని నోట్‌బుక్ ఉంటే మాత్రం ధైర్యంగా రావొచ్చు.