చిన్న కారులో శంషాబాద్‌కు

ఉమ్రాకు బయలుదేరే తల్లిదండ్రులను శంషాబాద్ విమానాశ్రయంలో దిగబెట్టి రావడం హైదరాబాద్ ముస్లిం కుటుంబాలకు పరిపాటి. ఆ పనికి చిన్న విద్యుత్ కారు అక్కరకు వస్తుందా అని మమ్మల్ని అడిగేవారున్నారు. 2023లో విపణిలోకి వచ్చిన ఎం.జి. కామెట్‌నే తీసుకుందాం. పొడవు మూడు మీటర్లకు కాస్త తక్కువ. పాతబస్తీ గల్లీల్లో సులువుగా మలుపు తిరుగుతుంది. 17.3 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఒకసారి నిండితే 230 కిలోమీటర్లు నడుస్తుందని కంపెనీ మాట. అది పరీక్షలో తేలిన లెక్క. మే నెల ఎండలో ఏసీ వేసుకుని, నలుగురితో పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా వెళితే తగ్గక మానదు. తగ్గినా, మెహదీపట్నం నుంచి విమానాశ్రయానికి వెళ్లి రావడానికి ఢోకా లేదు. ఇంటి చార్జరుతో నిండడానికి సుమారు ఏడు గంటలు పడుతుంది. ఇషా తర్వాత తగిలిస్తే ఫజ్ర్ వేళకు సిద్ధం.

అసలు చిక్కంతా సామానుతోనే. వెనుక సీట్లలో మనుషులు కూర్చుంటే డిక్కీ అంటూ దాదాపు మిగలదు. సీట్లు మడిస్తే పెట్టెలు పడతాయి, అమ్మీ అబ్బాలకు చోటుండదు! తిరుగు ప్రయాణంలో ఐదేసి లీటర్ల జమ్‌జమ్ డబ్బాలు సరేసరి. ఈ అవసరానికి 240 లీటర్ల డిక్కీ ఉన్న టియాగో ఈవీ కొంత నయం. అయితే అందులోనూ పెద్ద పెట్టెలు రెండు పట్టడం కష్టమే.