నెస్ సరస్సు ఒడ్డున ఇంగ్లీషు వ్యాకరణము

స్కాట్లండు ఉత్తర భాగమున, ఇన్వర్నెస్ పట్టణమునకు నైరుతిగా, రెండు కొండవరుసల నడుమ ఒక సన్నని సరస్సు కలదు. పొడవు 37 కిలోమీటర్లు. వెడల్పు ఇంచుమించు ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే. లోతు 230 మీటర్ల వరకు దిగును. చుట్టుపట్ల నేలలోని కుళ్లిన నాచుమన్ను కలియుటచే నీరు నల్లగా నుండి, కొలది అడుగుల క్రింద నేమున్నదియు కంటి కానదు. అక్కడి గేలిక్ భాషలో సరస్సును 'లాఖ్' అందురు. కావున 'లాఖ్ నెస్ సరస్సు' అనుట నడిరేయి అర్ధరాత్రి అనుట వంటిదే.

ఆ నల్లని నీటిలో ఒక వింతజంతువు కలదను మాట ప్రపంచమంతట ప్రాకినది. ఇంగ్లీషు నేర్చుకొను విదేశీయుల వాచకములలో ఈ జంతువు తరచు తలయెత్తుచుండును. కథ రుచిగా నుండుట ఒక కారణము. అంతకంటె పెద్ద కారణము వేరొకటి కలదు. చూచినదానికి, విన్నదానికి, ఊహించినదానికి, రుజువైనదానికి ఇంగ్లీషు వేరువేరు వాక్యరూపములు వాడును. వానినన్నిటిని ఒక్కచోట అభ్యసించుటకు ఇంతకంటె అనువైన విషయము దొరకుట కష్టము.

మొదటి కథ ఆరవ శతాబ్దిది. సెయింట్ కొలంబా మరణించిన సుమారు నూరేండ్లకు అడమ్నన్ అను మఠాధిపతి ఆయన చరిత్రను లాటినులో వ్రాసెను. నెస్ నదిలో (సరస్సులో గాదు) ఒక మృగము అప్పటికే ఒకని కరచి చంపియుండెననియు, అది ఈదుచున్న మరియొకని మీదికి రాగా కొలంబా సిలువగుర్తు వేసి గద్దింప పారిపోయెననియు అందు కలదు. దీనిని ఇంగ్లీషులో తిరుగ చెప్పబూనిన విద్యార్థికి పాస్ట్ పర్‌ఫెక్టు తప్పదు. రెండు గతములలో ఏది ముందో ఆ 'హాడ్' అను చిన్నమాటయే తెలుపును.

ఇక ఆధునిక కథ. 1933 మే 2న 'ఇన్వర్నెస్ కొరియర్' పత్రికలో అలెక్స్ కాంప్‌బెల్ వ్రాసిన వార్త వెలువడినది. ఒక దంపతులు సరస్సులో పెద్ద జంతువేదో పొరలాడుట చూచిరని దాని సారము. ఆ యేడు ముగియకముందే లోకమంతయు 'ది లాఖ్ నెస్ మాన్‌స్టర్' అనసాగెను. తెలుగున ఆర్టికలు లేదు. అందుచే మన విద్యార్థి 'ఏ', 'ది' లను ఖాళీలు పూరించి మార్కులు తెచ్చుకొను సామగ్రిగానే యెరుగును. 'ఏ మాన్‌స్టర్' అనిన ఏదో ఒక జంతువు. 'ది మాన్‌స్టర్' అన్నంతనే, అది యున్నదని చెప్పువాడును వినువాడును ముందే ఒప్పుకొన్నట్లగును. మూడక్షరముల ఆ మాట నీటిలో లేని జంతువునకు ఉనికి కల్పించినది. పిదప ముద్దుపేరు పుట్టి 'నెస్సీ' కాగా, సర్వనామము 'ఇట్' పోయి 'షి' వచ్చినది. తెలుగున ఈ చిక్కు లేదు. ఆడుదైనను జంతువైనను 'వచ్చినది' అన్న చాలును.

1934 ఏప్రిల్ 21న 'డెయిలీ మెయిల్' పత్రిక ఒక ఫొటో ప్రకటించెను. నీటిపై సన్నని మెడ, చిన్నతల. తీసినవాడు లండను వైద్యుడని చెప్పిరి. వైద్యుని మాట నెవరు కాదందురు? ఇది ప్లీసియోసార్ అను ప్రాచీన సరీసృపమే కావలెను, 'మస్ట్ బి', అని అనేకులు వాదించిరి. కాని ఆ జాతి నశించి 6 కోట్ల 60 లక్షల యేండ్లయినది. సరస్సు చూడబోయిన సుమారు 10,000 యేండ్ల క్రిందటి వరకు మంచుగడ్డ. ఈ రెండు సంగతులు ప్రక్కప్రక్కన పెట్టినచో 'మస్ట్ బి' కాస్త 'కాంట్ బి'గా మారవలసివచ్చును. 1994లో గుట్టు బయటపడినది: ఆట జలాంతర్గామికి అతికించిన బొమ్మతల అది.

సాక్షుల మాటలను అప్పగించునప్పుడు ఇంగ్లీషు కాలమును వెనుకకు జరుపును. 'ఐ సా' అన్నది 'హి సెడ్ హి హాడ్ సీన్' అగును. తెలుగు కాలమును కదల్పక, 'అని' చేర్చి ఊరకుండును. విన్నమాట యని తెలుప 'అట' కలదు. 'జంతువున్నదట' అను రెండు ముక్కలకు ఇంగ్లీషువాడు 'ఈజ్ సెడ్ టు' అని చుట్టు తిరుగవలెను. ఇంట 'అట'ను చక్కగా వాడు బాలుడు, బడిలో దానిని 'దేరీజ్ ఏ మాన్‌స్టర్' అని తర్జుమా చేసిన, ఉపాధ్యాయుడు స్పెల్లింగు సరిచూచి సరిపెట్టుట కలదు. పోయినది స్పెల్లింగు కాదు, సాక్ష్యము.

2018లో న్యూజీలండు శాస్త్రజ్ఞుడు నీల్ గెమెల్ బృందము సరస్సునుండి సుమారు 250 నీటి నమూనాలు తీసి, అందలి డి.ఎన్.ఏ.ను పరీక్షించెను. 2019లో ఫలితము చెప్పిరి: సరీసృపముల జాడ లేదు, మలుగు చేపల డి.ఎన్.ఏ. మాత్రము విస్తారము. పెద్ద మలుగు కావచ్చునన్న ఊహను త్రోసిపుచ్చజాలమని గెమెల్ అనెను. త్రోసిపుచ్చజాలకుండుట వేరు, ఒప్పుకొనుట వేరు. ఈ రెంటి నడుమ దూరము కొలుచుటకే 'మే', 'మైట్', 'కుడ్' లున్నవి.

అక్షరముల ముచ్చట ఒకటి మిగిలినది. 1975లో సర్ పీటర్ స్కాట్, రాబర్ట్ రైన్స్ అనువారు నీటి అడుగున తీసిన ఫొటోలను నమ్మి, ఆ జంతువునకు 'నెస్సిటెరస్ రాంబాప్టెరిక్స్' అని శాస్త్రీయనామము పెట్టిరి. ఆ ఇంగ్లీషు అక్షరములనే తారుమారు చేసిన 'సర్ పీటర్ ఎస్. చేసిన మాన్‌స్టర్ మోసము' అను అర్థము వచ్చునని ఒకరు కనిపెట్టిరి. రైన్స్ ఊరకుండలేదు. అవే అక్షరములను మరల కూర్చి, 'అవును, రెండు ఫొటోలును మాన్‌స్టర్లవే' అని అర్థము వచ్చు వాక్యము చేసి, చివర మిగిలిన 'ఆర్' అను అక్షరమును తన సంతకముగా పెట్టెను.